వంత లేని పాట

మొన్న సోమవారం చేవెళ్ల కళాసమితి వాళ్లు నాట్ల పాటల పుస్తకం పంపారు. నూట పన్నెండు పేజీలు. అరవై నాలుగో పేజీలో మా వదిన పాట ఉంది. మూడు చరణాలు, తర్వాత చుక్కలు, చుక్కల కింద చిన్న అక్షరాలతో 'అసంపూర్ణం'. ఆ మాట రాసింది నేనే. అచ్చుకు ముందు ఆ పేజీని మూడుసార్లు సరిచూసిందీ నేనే.

వదిన అంటే సురంగల్‌లో మా పెద్దన్న భార్య. ఆడవాళ్లు వరుసగా వంగి వెనక్కి నడుస్తూ నాటు వేస్తుంటే ఆమె చరణం ఎత్తుకునేది, మిగిలినవాళ్లు వంత అందుకునేవాళ్లు. వంత ఎప్పుడూ ఒకటే మాట. కథంతా ఆమెదే. ఆసామి తొందరపెడితే కథలోకి ఒక గయ్యాళి ఆడబిడ్డను తెచ్చి ఇంకో నాలుగు చరణాలు సాగదీసేది. ఆ ఆడబిడ్డకు నా పోలికలు ఉండేవని నా అనుమానం. నేను బడిలో పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి నన్ను పంతులమ్మా అనే పిలిచేది.

సమితి చుట్టుపక్కల ఊళ్ల పాటలు రికార్డు చేయాలనుకున్నప్పుడు రాతపని నాకు అప్పగించింది. పేరు, ఊరు, చరణాల సంఖ్య, పట్టిన నిమిషాలు అని గళ్లు గీసుకున్నాను. ఒక మంగళవారం వదినను మొయినాబాద్‌లోని మా ఇంటికి పిలిపించాను. తోడుగా ఇద్దరు వంత ఆడవాళ్లు కూడా వచ్చారు. మెహదీపట్నం బస్సుల హారన్లు వినపడకుండా కిటికీలు మూశాను, ఫ్యాన్ ఆపాను, ఆ ఇద్దరికీ చాయ్ ఇచ్చి వంటింట్లో కూర్చోబెట్టాను. వదిన మూడు చరణాలు పాడి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టినా అక్కడే ఆగింది. మర్చిపోయావా అని అడిగాను. "మర్సిపోలే. గింత సప్పుడు లేకుంటె ఎట్లొస్తది పంతులమ్మా? నేనేమన్న ఎక్కాలు అప్పజెప్తున్ననా?" అన్నది. వయసు కప్పిపుచ్చుకుంటోందనుకున్నాను. ఆఖరి గడిలో 'అసంపూర్ణం' అని రాసి, వాళ్లను పన్నెండింటి బస్సు ఎక్కించాను.

ఎనిమిది నెలల తర్వాత ఆ ఇద్దరిలో ఒకామె బస్టాండులో కలిసింది. నాట్లు లేక ఇంజినీరింగ్ కాలేజీలో ఊడ్చే పనికి వెళ్తోందట. పాట సంగతి ఎత్తితే ఆమె జర నవ్వింది. "మేం వంత అందుకుంటెనే ఆమెకు ముందటి మాట దొరుకుతది. నువ్వేమో మమ్ముల వంటింట్ల కూసోవెడితివి, టీచరమ్మా." నలభై ఏళ్లు గట్టు మీద నిలబడి విన్నదాన్ని, నాకు ఇది తట్టలేదు. రెండో ఆమె చర్చికి వెళ్తుంది కాబట్టి వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక అందరం వదిన ఇంట్లోనే కలవాలనుకున్నాం. గురువారం వదినకు పక్షవాతం వచ్చింది. దవాఖానలో పంతొమ్మిది రోజులున్నది. మనిషి ఇల్లు చేరింది గాని మాట తిరిగి రాలేదు.

అయినా ఆ ఇద్దరినీ తీసుకుని వెళ్లాను. మంచం పక్కన కూర్చుని వాళ్లు వంత ఎత్తుకున్నారు. చరణానికి పట్టేంత సేపు ఆగారు, మళ్లీ వంత అందుకున్నారు. ఆ ఆగినప్పుడల్లా వదిన కుడిచేతి వేళ్లు దుప్పటిలోకి నారు నొక్కినట్టు నొక్కుకునేవి, పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు; పెదవులు ఆగాకే వాళ్లు వంత అందుకునేవాళ్లు. పదకొండు సార్లు అట్లా జరిగింది. పన్నెండోసారి చర్చికి వెళ్లే ఆమె కళ్లు తుడుచుకుని, "ఇగ ఇడువు, టీచరమ్మా. ఆమె పాడుతనే ఉన్నది, మనకే ఇనొస్తలేదు" అన్నది.

ఆ పూట రికార్డు చేసింది నా ఫోనులో ఉంది. వంత, ఖాళీ, వంత, ఖాళీ. పదకొండు ఖాళీలూ ఒకే పొడవు లేవు, గడియారం పెట్టి చూశాను. పొడుగ్గా ఉన్నచోట ఆమె ఏ కథ చెప్పిందో ఇక ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు నాకు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా తీరికే. ఆ ఇద్దరినీ వంటింట్లోంచి పిలవగలిగిన ఆ మంగళవారం ఒక్క గంట మాత్రం అందులో ఎక్కడా లేదు.