గచ్చులో పాతిన రోలు

నా చిన్నప్పుడు ఒక సంగతి ముందే తెలిసి కూడా నోరు విప్పలేదు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

అరవై తొమ్మిదిలో నాకు పదేళ్లు. చిరుద్యోగులకు ప్రభుత్వం అద్దెకిచ్చే క్వార్టర్లలో, చిక్కడపల్లిలో, మాకో వాటా దొరికింది. నాన్నగారు ఒప్పంద పత్రం మీద సంతకం చేసి, చదవకుండానే ట్రంకు పెట్టెలో పెట్టారు. అచ్చులో ఏది కనిపించినా చదివే అలవాటు నాది. ఉద్యమంతో బడులు మూసి ఉన్నాయి. నాలుగు పేజీలూ చదివేశాను. గచ్చు తవ్వకూడదని, గోడలు కొట్టకూడదని, షరతు మీరితే వాటా ఖాళీ చేయాలని అందులో ఉంది.

ఆ వారమే అమ్మ గుంటూరు నుంచి తెచ్చుకున్న రుబ్బురోలును వంటింటి గచ్చు తవ్వించి పాతించింది. రోలు పాతనిదే కాపురం పెట్టినట్టు కాదు ఆవిడకు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. పెద్దవాళ్ల మధ్య మాట్లాడాలంటే నాకు సిగ్గు.

నెల తిరక్కుండా క్వార్టర్లకు తనిఖీ ఉందని, గచ్చు తవ్వినవాళ్లను ఖాళీ చేయిస్తారని అన్నారు. రాంనగర్‌లో ఆరుగురం ఒకే గదిలో ఉండి వచ్చినవాళ్లం. మళ్లీ అక్కడికేనా అని నాన్నగారు అన్నం మానేశారు.

"దాని మీద చాప పరిచి బియ్యం డబ్బా పెడతాను," అంది అమ్మ.

పక్కవాటా అక్క నారాయణగూడలో ఒక ఆఫీసులో టైపిస్టు. ఆమె నవ్వింది. "ఏంది చిన్నమ్మా, డబ్బా జరిపితే రోలు కనవడదా? ఆ కాయితం తియ్యుర్రి, ఏం రాసిండ్రో చూద్దం."

పత్రం తీయించి, చదవమని అక్క నా చేతికే ఇచ్చింది. నేను వెతక్కుండానే గచ్చు సంగతి ఉన్న మూడో పేజీ తిప్పాను. అక్క నా మొహం కేసి ఒకసారి చూసి, ఆ పేజీ అందుకుని చదివింది. తెలియక మార్పులు చేసినవారు తనిఖీకి ముందే రాసి తెలిపి, సొంత ఖర్చుతో బాగుచేయించాలని కింద ఇంకో షరతు ఉంది.

"మా రోలు పీకి, పైగా దరఖాస్తు కూడానా?" అని అమ్మ రుసరుసలాడింది.

"సొంతిల్లయితే ఏడు రోళ్లు పాతుకోర్రి. గిది మన ఎన్క ఇంకోళ్లు ఉండే ఇల్లు."

దరఖాస్తు అక్కే టైపు చేసిచ్చింది. రోలు పెరట్లోకి పోయింది, గుంట పూడ్చి కొత్తగా గచ్చు చేయించాం. అది గోనె మీద కదులుతుంటే అమ్మ తిట్టుకుంటూనే రుబ్బింది. వచ్చిన అధికారి కొత్త గచ్చును కాలితో తట్టి, ఏదో రాసుకుని వెళ్లాడు. ఆ వాటాలో మేం పదకొండేళ్లు ఉన్నాం.

ఇప్పటికీ ఏ కాగితమైనా ఇంట్లో అందరికీ పైకి చదివి వినిపించాకే సంతకం పెడతాను. కొంచెం సిగ్గేస్తుంది, అయినా చదువుతాను. తనిఖీ అయిన మరుసటి ఏడే అక్క ఊరు మారింది. రిక్షా ఎక్కుతూ నన్ను దగ్గరికి పిలిచి, మెల్లగా అంది:

"తెల్సింది చెప్పనీకె సిగ్గెందుకు చెల్లె? జర నోరు తెరువు."