అమ్మ పెట్టిన గంజి

పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన నాకు అక్కడే గోల్ ఘర్ ప్రాంతంలోని ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మే నెలలో చేరాను. "ఆఫీసుకెళ్తే చీర నలగకూడదే" అంటూ మా అమ్మ నేత చీరకు చిక్కటి గంజి పెట్టి అట్టలా చేసింది.

మొదటిరోజు పదకొండింటికి కరెంటు పోయింది. మా దీవుల ఉక్కపోతకి ఒళ్లంతా చెమట. చీర గంజి మళ్లీ జిగురైపోయింది. సరిగ్గా అప్పుడే, దీవుల ఉత్తర కొసనున్న డిగ్లీపూర్ నుంచి వచ్చిన ఓ తాత నాకిచ్చిన దరఖాస్తు కనబడలేదు. ఫైళ్లు, బీరువా, చెత్తబుట్ట కూడా వెదికాను.

"నిన్న దినమంతా బస్సులో కూర్చుని వచ్చాను బేటీ. సంతకాల కోసం మళ్లీ ఊరెళ్లాలా?" అన్నాడాయన బిక్కమొహంతో.

మొదటిరోజే ఇలాగా! ఏడుపు ఆపుకుంటూ, సార్‌కి చెబుదామని చీర చెంగు ముందుకు లాగి నడుముకి దోపుకున్నాను. వెనక నుంచి అటెండరు దీదీ కేక పెట్టింది.

"అరే, రుకో! కాయితం నీ చీరకే అంటుకుంది!"

తాత దరఖాస్తును కుర్చీలో పెట్టి, మరిచిపోయి దాని మీదే కూర్చున్నాను. చెంగు చాటున మోసుకుంటూ ఆఫీసంతా వెదికాను. దీదీ దాన్ని మెల్లగా ఊడదీస్తుంటే అందరికన్నా గట్టిగా నవ్వింది తాతే.

సాయంత్రం అమ్మకు చెప్పి, "ఇక గంజి వద్దు. ఎండాకాలం వదులు కాటన్ కుర్తాలే" అన్నాను.

"నా గంజి లేకపోతే ఆ ముసలాయన కాయితం ఏ గాలికి ఎగిరిపోయేదో!" అంది అమ్మ.

ఇప్పుడు కుర్తాలే వేసుకుంటున్నాను. నాకు తెలియదనుకుని అమ్మ వాటికీ పలచగా గంజి పెడుతోంది. నేనూ తెలియనట్టే ఉంటున్నాను.