బొగ్గు గట్టు పక్కన పిల్లల గది

1941 జూలైలో నన్ను బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో హెల్త్ విజిటరుగా వేశారు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. నాగపూర్‌లో శిక్షణ ముగించుకుని, మా నాన్నగారు గార్డుగా పనిచేస్తున్న ఊరికే ఉద్యోగం మీద తిరిగి వచ్చాను. కాలనీలో అందరూ నన్ను నర్సమ్మ అనేవారు గాని, హెల్త్ విజిటరంటే నర్సు కాదు. నర్సు పని ఆసుపత్రిలో, రోగి మంచం పక్కన. మా పని ఇళ్ల దగ్గర, రోగం రాకముందు. గర్భిణులను చూడటం, బాలింతల ఇళ్లకు వెళ్లడం, పసిపిల్లల బరువు తూచి కార్డు మీద రాయడం, మంత్రసానులకు చేతులు కడుక్కోవడం నేర్పడం. హోదాలో మంత్రసానికీ ఆయాకూ పైన, డాక్టరుగారికి కింద. మందులిచ్చే అధికారం మాకు లేదు. ఆముదం, కళ్లలో చుక్కలు, పుండ్లకు పూత, అంతవరకే.

నా మీద పెత్తనం అధికారుల భార్యలు నడిపే శిశు సంక్షేమ కమిటీది. ఆ వానాకాలమే కమిటీవారు ఇంజను షెడ్డు దగ్గర బొగ్గు గట్టు పక్కన పిల్లల గది ఒకటి తెరిచారు. బొగ్గు గట్టంటే ఇంజన్లకు బొగ్గు ఎక్కించే ఎత్తయిన రాతి అరుగు. ఆడకూలీలు తట్టలతో బొగ్గు మోసుకొచ్చి ఇంజను వెనక పెట్టెలో గుమ్మరిస్తారు. వాళ్లను అక్కడ రేజాలనేవారు. సగానికి పైగా మన శ్రీకాకుళం, బొబ్బిలి వైపు నుంచి వచ్చినవాళ్లు. తక్కినవాళ్లు మంగ్లా, ఆ చుట్టుపక్కల పల్లెల ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు. వాళ్లు రైల్వే నౌకర్లు కారు, కాంట్రాక్టరు, అక్కడి మాటలో ఠేకేదారు, కింది మనుషులు. పొద్దున్నే పేర్లు పిలిచి పనిలో పెట్టుకునేది అతని మేట్ సూర్రావు. అంతకుముందు పసిపిల్లలు గట్టు కింద గోనెపట్టాల మీద బొగ్గుపొడిలో పడి ఉండేవారట. కమిటీ అధ్యక్షురాలు, ఒక ఇంగ్లీషు దొరసాని, ఒకరోజు అటుగా వెళుతూ ఆ దృశ్యం చూసి, పాత పనిముట్ల కొట్టు ఒకటి ఖాళీ చేయించి సున్నం వేయించారు. పదకొండు గుడ్డ ఉయ్యాలలు, ఒక తూకం, ఒక ఆయా. గది బాధ్యత నాకు అప్పగించారు.

ఆయా పేరు బంగారమ్మ. ఫైర్‌మన్ భార్య, భర్త పోయి చాలా ఏళ్లయింది. చదువు రాదు. నలుగురు పిల్లల్ని కని ముగ్గుర్ని పెంచింది. నాకంటే రెండింతల వయసు. నేను చెప్పినదంతా తలూపుతూ విని, తనకు తోచినది చేసేది.

మొదటి రెండు వారాలు పని చాలా సుఖంగా జరిగింది. పొద్దున ఆరింటి షిఫ్టుకు తల్లులు పిల్లల్ని తెచ్చి ఉయ్యాలల్లో వేసి వెళ్లేవారు. పిల్లలు మధ్యాహ్నం దాకా నిద్రపోయేవారు. ఏడుపు లేదు, గోల లేదు. నేను ఉయ్యాలల గుడ్డలు వరసగా సర్ది, బరువులు రాసుకుంటూ కూర్చునేదాన్ని. అధ్యక్షురాలు వచ్చి చూసి, ఇంత క్రమశిక్షణ గల గది తన దేశంలో కూడా చూడలేదన్నారు. నేను పొంగిపోయాను. బరువులు పెరగడం లేదన్న సంగతి నా చేతి రాతలోనే ఉంది. కొత్త చోటు కదా, అలవాటు పడాలి అనుకున్నాను.

మూడో వారంలో ఒకరోజు బంగారమ్మ నన్ను ఉయ్యాల దగ్గరికి పిలిచింది. అందులో ఉన్నది పైడమ్మ కూతురు గౌరి, ఏడు నెలల పిల్ల. పిల్ల పెదవి మీద ఈగ వాలి ఉంది.

"ఏటి నర్సమ్మా, ఈ గుంటలు నిద్దరోతన్నారనుకుంటన్నావా? నిద్దరోయిన గుంట మీద ఈగ వాల్తే మొకం తిప్పుతాది. ఇది తిప్పనేదు, సూడు."

నేను పిల్ల కనురెప్ప ఎత్తి చూశాను. కంటిపాప సూదిమొనంత ఉంది. ఇంకో ఉయ్యాలలో చూశాను, అదే. పదకొండు మందిలో తొమ్మిది మందికి అలాగే ఉన్నాయి. శిక్షణలో చెప్పారు గాని నేను కళ్లారా చూడటం అదే మొదటిసారి: నల్లమందు. తల్లులు ఆవగింజంత గోళీని చనుబాలలో అరగదీసి తెల్లవారకముందే నాలుక మీద రాస్తున్నారని బంగారమ్మ చెప్పింది. మన ఇళ్లల్లో వసకొమ్ము అరగదీసినట్టే. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, నీకు తెలుసునేమో అనుకున్నానంది.

మరునాడు గుమ్మంలో నిలబడ్డాను. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాను: ఇది విషం, పిల్లల ఆకలిని చంపుతుంది, ఊపిరి ఆగిపోవచ్చు. రేపటి నుంచి గోళీ వేసిన పిల్లను ఈ గదిలోకి రానివ్వను. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఒకామె అచ్ఛా అంది. నా మాట పనిచేసిందనుకున్నాను.

తెల్లవారి నలుగురు పిల్లలే వచ్చారు. తక్కిన ఏడుగురినీ తల్లులు గట్టుకు అవతల, పక్కదారిలో నిలిచిపోయిన పాత వ్యాగను నీడన పడుకోబెట్టారు. మళ్లీ బొగ్గుపొడిలోనే, మళ్లీ మత్తులోనే. వచ్చిన నలుగురిలో గౌరి ఉంది. పైడమ్మ నా మాట విని గోళీ పూర్తిగా ఆపేసింది. ఆ నలుగురిలో ఇద్దరికి ముందునుంచీ అలవాటే లేదు. ఒకామె దాచి వేస్తూనే ఉంది. నిజంగా మానేసినది పైడమ్మ ఒక్కతే.

మొదటి రోజు గౌరి ఆగకుండా ఏడ్చింది. ఆకలేమో అనుకున్నాం. రెండో రోజు విరేచనాలు పట్టుకున్నాయి, ఒళ్లంతా వణుకు, ఆవలింతలు, తుమ్ములు. పాలు తాగలేదు. మూడో రోజు పొద్దున్న పిల్ల బిగుసుకుపోయి కళ్లు తేలేసింది. నేను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. బంగారమ్మ గట్టు మీదికి వెళ్లి పైడమ్మను పిలుచుకొచ్చింది.

డాక్టరుగారు వయసు మళ్లినవారు, మాట తక్కువ. పిల్లను చూసి, ఎన్నాళ్ల నుంచి ఇస్తున్నారు, ఎప్పుడు ఆపారు అని అడిగారు. చెప్పాను. ఆపమన్నదెవరని అడిగారు. నేనేనన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. నెలల తరబడి నల్లమందుకు అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపితే ఇలాగే అవుతుందనీ, పెద్దవాళ్లే తట్టుకోలేరనీ చెప్పి, విషాల అల్మరా తెరిపించారు. నల్లమందు కలిసిన పలుచని మందు అందులోంచి తీశారు. దానికి డాక్టరుగారిదీ కాంపౌండరుదీ ఇద్దరి సంతకాలు కావాలి. చుక్కలు లెక్కపెట్టి పిల్ల నోట్లో వేశారు. అరగంటకు పిల్ల ఒళ్లు సడలింది.

వరండాలో పైడమ్మ చేతులకున్న బొగ్గు కూడా కడుక్కోకుండా కూర్చుని ఉంది. మొగుడిది బిల్హా దగ్గర పట్టాల గ్యాంగులో పని. ఆదివారం తప్ప రాడు. నేను పక్కన కూర్చుని, గోళీ ఎందుకు మొదలుపెట్టావని అడిగాను. ఆ మాట మొదటి రోజే అడగవలసింది.

"గుంట ఏడిస్తే నాను తట్ట దింపాల. తట్ట దింపితే రేపు మేట్ నా పేరు పిలవడు. పని నేకపోతే నాకు కూడు నేదు, నాకు కూడు నేకపోతే దానికి పాలు నేవు." నా వైపు చూడకుండా అంది: "నువ్వు మానమన్నావు, నాను మానేసినాను. నీ మాట ఇననోల్ల గుంటలు బావున్నారు."

ఆ రోజు నేను చేసిన పనల్లా, రేపు నీ పేరు తీసేయకుండా మేట్‌తో నేను మాట్లాడతానని చెప్పడమే.

డాక్టరుగారూ నేనూ ఒక పద్ధతి అనుకున్నాం. అలవాటైన పిల్లలందరికీ మందు ఆసుపత్రి నుంచే వస్తుంది; ఆయన రోజూ సంతకం పెడతారు; నేను గదిలో చుక్కలు వేస్తాను; రెండు రోజులకో చుక్క చొప్పున తగ్గిస్తూ పోతాం. తల్లి ఇంట్లో వేయకూడదు. ఇది నా హోదాకు మించిన పని. కమిటీకి చూపవలసిన గది డైరీలో రాయకపోతే మంచిదని ఆయన నెమ్మదిగా అన్నారు. నేను రాశాను. ఏ రోజు ఎవరికి ఎన్ని చుక్కలో రాసుకోకపోతే తగ్గించడం కుదరదు. ధైర్యం కన్నా భయమే నా చేత రాయించింది.

తరవాత వ్యాగను దగ్గరికి వెళ్లాను. తప్పు చెప్పానని ఒప్పుకోవడానికి హిందీలో కన్నా తెలుగులోనే ఎక్కువ సిగ్గేసింది. వాళ్లు నన్ను నమ్మలేదు. బంగారమ్మ ముందుకొచ్చి, నేను ఉన్నాను కదా, రండి అంది. ఆమె కోసం వచ్చారు.

ఇక సూర్రావు. అతనిదీ బొబ్బిలి దగ్గరే, చెడ్డవాడు కాడు. యుద్ధకాలం, బళ్లు ఎక్కువ, ఇంజను ఆలస్యమైతే ఠేకేదారు తన మెడ మీద కూర్చుంటాడని అతని భయం. పైడమ్మ పేరు తీయనన్నాడు గాని, పాలివ్వడానికి ఆడవాళ్లను పంపమంటే తల అడ్డంగా ఊపాడు. నేను మూడు రోజులు గడియారం పట్టుకుని గట్టు పక్కన కూర్చున్నాను. ఒక ఇంజను వెళ్లాక ఇంకోటి వచ్చి నిలబడేలోగా ఎప్పుడూ కొంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఆడవాళ్లు ఊరకే తట్టల మీద కూర్చుంటున్నారు. ఆ కాగితం అతనికి చూపించి, ఇంజను వెళ్లగానే ఇద్దరిద్దరిని పంపు, తరవాతి ఇంజను కూత వినగానే వాళ్లు తిరిగి వస్తారు అన్నాను. అతను కాగితం చాలాసేపు చూశాడు. "కూత ఇన్నాక ఒక్క మనిసి తగ్గినా ఒప్పుకోను అమ్మగోరూ" అన్నాడు. ఒక్కరూ తగ్గలేదు. వాళ్లకు నాకన్నా బాగా తెలుసు, ఆ ఏర్పాటు పోతే ఏమవుతుందో.

దసరా నాటికి అందరి చుక్కలూ ఆగిపోయాయి. బరువులు కదిలాయి. గదిలో ఉండలేనంత గోల మొదలైంది. మెలకువగా ఉన్న పిల్లలకు పని కావాలి. ఈ సంగతి నాగపూర్‌లో మాకెవరూ చెప్పలేదు. మొదట్లో నాకూ బంగారమ్మకూ పిచ్చెత్తినంత పనైంది. షెడ్డులో వడ్రంగిని అడిగితే పట్టాల కింద బిగించే కొయ్య చీలల ముక్కలు నున్నగా చెక్కి ఒక బుట్టెడు ఇచ్చాడు. డబ్బాలో చింతగింజలు వేసి మూత బిగించాం. పాకే పిల్లలకు ఒక మూల చాప, నడిచే పిల్లలకు ఇంకో మూల. బంగారమ్మ ఒక్కొక్క ముక్కా చేతికిస్తూ, ఇది పెద్దది, ఇది సిన్నది, ఇది తెలుపు, ఇది నలుపు అని చెప్పేది. ఛత్తీస్‌గఢీ పిల్లలు అవే మాటలు తెలుగులో నేర్చారు. మన పిల్లలు వాళ్ల మాటలు పట్టారు. పాలివ్వడానికి వచ్చిన తల్లులు ఒక్క నిమిషం ఎక్కువ కూర్చుని, తమ పిల్ల ఏ ముక్క పట్టుకుందో చూసేవారు. దానికి మేమేమీ పేరు పెట్టలేదు. ఇప్పుడు దాన్నే బాలవాడి అంటున్నారు.

డిసెంబరులో అధ్యక్షురాలు మళ్లీ తనిఖీకి వచ్చారు. గది అల్లరిగా, చాపలు మురికిగా ఉన్నాయన్నారు. తరవాత డైరీ తెరిచారు. కమిటీ గదిలో పసిపిల్లలకు నల్లమందు ఇచ్చినట్టు నా దస్తూరీతోనే ఉంది. సంజాయిషీ అడిగారు. నాలుగు పేజీలు రాసిచ్చాను. నా మొదటి ఉత్తరువూ, గౌరి సంగతీ దాచలేదు. మందు తన సంతకంతోనే వెళ్లిందని డాక్టరుగారు విడిగా రాశారు. అధికారం లేని పని చేసినందుకు నా సర్వీసు పుస్తకంలో హెచ్చరిక రాసి, నన్ను గది నుంచి తప్పించి సిర్గిట్టి వైపు ఇళ్ల పర్యటనకు వేశారు. నిబంధన ప్రకారం అది సరైన శిక్షే. గదిని బంగారమ్మ నడిపింది. మందు ఆపమని ఆమెకు ఉత్తరువిచ్చారు గాని, అప్పటికి ఆపడానికి ఏమీ లేదు.

గౌరి బతికింది. నడక ఆలస్యంగా వచ్చింది. దానికి ఆ గోళీలు కారణమో, నా తొందర కారణమో ఇప్పటికీ చెప్పలేను. పైడమ్మ దారిలో కనిపిస్తే పలకరించేది, కాని ఇంటికి రమ్మని ఎప్పుడూ అనలేదు.

నేను ఈ ఉద్యోగంలో రిటైరయ్యేదాకా ఉన్నాను. తరవాతి రోజుల్లో శిక్షణకు వచ్చే అమ్మాయిలు నా కింద పనిచేశారు. వాళ్లకు నేను చెప్పినది ఒక క్రమం. తల్లిని ఏదైనా మానమనే ముందు, అది ఆమెకు ఏ పని చేసిపెడుతోందో అడగాలి. ఆ పని చేయడానికి ఇంకో ఏర్పాటు ముందు చూపించాలి. మానమనడం ఆఖరున. ఈ క్రమాన్ని తలకిందులుగా నడిపి ఒక పిల్లను ప్రాణం మీదికి తెచ్చానని కూడా వాళ్లకు చెప్పేదాన్ని.