అత్త శుక్రవారాలు

మా అత్త మొన్న ధర్మవరంలో పోయింది. కూతురింట్లో మధ్యాహ్నం సంగటి తిని, గోడకు ఆనుకుని కునుకు తీసింది. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. కబురు పెనుకొండకు చేరగానే నా నోట మొదట వచ్చిన మాట, "అదేనా?" అని. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

అదంటే రాచపుండు, క్యాన్సరు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ఎడమ రొమ్ములో చింతగింజంత గడ్డ పుట్టింది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. నిమ్మకాయంత అయినాక హిందూపురం ఆసుపత్రికి పిలుచుకుపోయినాము. చంకలోకి కూడా పాకింది, కోసి లాభం లేదు, ఇంటికి తీసుకుపొండి అన్నాడు డాక్టరు. బస్సులో పెనుకొండ దాకా ఆమె నా చెయ్యి వదల్లేదు.

ఆ వానకాలంలో ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. ఇంక అయిపోయిందని, చివరికి కట్టాల్సిన చీర కూడా తీసి పక్కన పెట్టినాను. జ్వరం దిగింది. ఆ తర్వాత గడ్డ మెత్తబడి, రానురాను కరిగిపోయింది. డాక్టరు వత్తి వత్తి చూసి, "ఎట్ల పోయిందో నాకు తెలీదమ్మా. మళ్లీ రాదని కూడా చెప్పలేను" అన్నాడు.

ఆ రెండో మాట మాతోపాటే ఇంటికి వచ్చింది.

శుక్రవారం తలంటేటప్పుడు, వీపుకు ఆముదం రాసినాక నా చెయ్యి పట్టి ముందుకు లాక్కుని అక్కడ పెట్టుకునేది.

"ఏం మే, తగులుతాందా?"

"లేదత్తా."

"మెల్లగా అను. అది వింటాది."

వేళ్లకు పక్కటెముక తగిలినా అదేమోనని ఇంకోసారి తడిమి చూసేదాన్ని.

ఎవరైనా అడిగితే మాత్రం "ఉండాది" అనేది. పోయిందని చెప్పుకుంటే తిరిగొస్తాదని ఆమె భయం. "ఇన్నేండ్లుగా ఉండాదే, బాడుగన్నా ఇస్తాందా?" అని పక్కింటి అవ్వ ఎగతాళి చేసేది. అత్త నవ్వేది, అరచెయ్యి రొమ్ముకు అడ్డం పెట్టుకుని.

"ఎట్ల బతికినానో తెలిసుంటే ఇంత భయముండేది కాదు మే" అనేది నాతో. ఆ భయంతోనే నా బిడ్డలందరినీ కాళ్లమీద వేసుకుని నీళ్లు పోసి పెంచింది. ఆమె లేకుంటే నాకు చేతనయ్యేది కాదు.

ధర్మవరంలో చివరి నీళ్లు నేనే పోసినాను. "ఆఖరికి ఆ గడ్డే తీసకపాయ" అని వెనక ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. వీపు కడిగినాక నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. వెతికినాను.

"లేదత్తా" అన్నాను, ఆమె చెవి దగ్గరికి వంగి, మెల్లగా.