అల్లుడు పరిచిన నేల

పోయిన వారం మా ఫ్లాట్‌లో స్నానాలగది నేల మార్చడానికి వచ్చిన మిస్త్రీ సంచీ దించగానే నేరుగా లోపలి మూలకు వెళ్లి కూర్చున్నాడు. అక్కణ్నుంచి ఒక్కొక్క పలక పరుచుకుంటూ, వెనక్కి జరుగుతూ, చివరికి గుమ్మం దాటి బయటికి వచ్చేశాడు. పని అయ్యేదాకా నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉన్నాను. ఆయనకు కోపం వచ్చినట్టుంది. నీ పని చూసి కాదు నాయనా, ఎప్పుడో మా బావ చేసిన పని గుర్తొచ్చి నవ్వుతున్నానని చెబుదామనుకున్నాను గానీ, అదంతా హిందీలో చెప్పే ఓపిక లేకపోయింది.

అది నా చిన్నప్పటి మాట. సొంతిల్లు కొనేదాకా మేం మగ్గాలు నడిచే కనేరి అనే పేటలో అద్దె గదిలో ఉండేవాళ్లం. మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, మరమగ్గాల సామాన్లు అమ్మే చిన్న దుకాణం నడిపేవాడు. చుట్టూ ఎప్పుడూ మగ్గాల మోత కాబట్టి మా ఇంట్లో ఉప్పు అందివ్వమని అడగాలన్నా కేకేయాల్సిందే. వరాలా తలావ్ అనే చెరువు దగ్గర పాత పెంకుటిల్లు కొన్నాక, ఆ ప్రశాంతమైన గల్లీలో కూడా మేం అలాగే అరుచుకుంటుంటే, కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు పొద్దస్తమానం కొట్లాడుకుంటారని వాడకట్టంతా అనుకుంది. ఇల్లు ముచ్చటైనదే. కాకపోతే పెంకులు జారిపోయి, లోపలిగది నేలంతా గుంతలు పడి ఉండేది. మాట్లాడుకున్న మిస్త్రీ రెండు రోజులు చేసి, ఊళ్లో పెళ్లుందని వెళ్లి మళ్లీ రాలేదు. గృహప్రవేశం చూస్తే ఆదివారం. మగ్గాలకు సెలవుండే శుక్రవారం నాడు సాయానికి రమ్మని బాపు చుట్టాలందరికీ కబురు పెట్టాడు. వచ్చింది మాత్రం ఇద్దరే: మా మేనమామ, అక్కతో నిశ్చితార్థమైన అబ్బాయి.

ఆ అబ్బాయి కాశేలిలో ఒక గోదాంలో గుమాస్తా. నిశ్చితార్థం రోజు మా వాళ్లు ఏమడిగినా “ఆఁ” అన్నాడే తప్ప రెండో మాట ఆడలేదు. అక్కకు అదే నచ్చలేదు. “నోరే లేదమ్మా ఆయనకు. బతుకంతా గోడతోని ముచ్చట పెట్టాల్నా?” అని అమ్మ దగ్గర ఏడ్చింది. గృహప్రవేశం కానియ్యి, తర్వాత ఈ సంబంధం గురించి మీ బాపుతో మాట్లాడతానని అమ్మ మాటిచ్చింది. ఈ సంగతి మా ముగ్గురు ఆడవాళ్లకే తెలుసు.

పొద్దున్నే బాపు అందరినీ నిలబెట్టి, “లాదీలు ఏసుడు ఎవరికన్న వస్తదా?” అని గట్టిగా అడిగాడు. లాదీలంటే నేల మీద పరిచే పలకలు. మామ ఆకాశం వైపు చూశాడు. అందరి చూపులూ కాబోయే అల్లుడి మీద పడ్డాయి. “నాకొస్తది మామా,” అన్నాడతను. ఆశ్చర్యపోయాం. బాపు మురిసిపోయాడు. మా మేనమామ లాదీలన్నీ మోసుకొచ్చి లోపలిగదిలో ఆ చివర కిటికీ కింద పేర్చాడు. సిమెంటు కూడా అక్కడే కుప్పగా కలిపాడు. తర్వాత బాపూ మామా పెంకులు సర్దడానికి ఇంటిపైకి ఎక్కారు. మేం తలుపులకు రంగులేస్తూ కూర్చున్నాం.

మధ్యాహ్నానికి బాపు దిగొచ్చి గుమ్మంలో నిలబడి, “అబ్బ! అద్దం లెక్క ఏసినవు పో!” అన్నాడు. మేమూ పరుగెత్తాం. నిజంగానే గుమ్మం మొదలు ఆ చివరిదాకా నేల తళతళా మెరుస్తోంది. ఆ చివర, ఇంకా రెండు లాదీలు పడాల్సిన జాగాలో, తాపీ చేత పట్టుకుని మా కాబోయే బావ నిలబడి ఉన్నాడు.

“అల్లుడా,” అన్నాడు బాపు, “బయటికెట్ల వస్తవ్?”

అతను నేల వైపు చూశాడు. కిటికీ ఊచల వైపు చూశాడు. తర్వాత మా వైపు చూసి, “ఆఁ,” అన్నాడు.

మామకు ఉపాయాలకు కొదవ లేదు. పెంకులు తీసి పైనుంచి తాడేసి గుంజుదామన్నాడు. ఇప్పుడే కప్పిన పెంకులు ముట్టుకుంటే ఊరుకోనన్నాడు బాపు. పోనీ మెల్లగా తొక్కుకుంటూ రానియ్యమన్నాడు మామ. “పచ్చి లాదీ మీద ఎవడన్న అడుగుపెడితే కాళ్లిరగ్గొడ్త!” అని బాపు అరిచిన అరుపుకు ఎదురింటి మరాఠీ అవ్వ బయటికొచ్చింది. కిటికీ ఊచల వెనక పెళ్లికొడుకును చూసి, పారిపోకుండా అల్లుణ్ని లోపలేసి తాళం పెట్టారా అని అమ్మను నెమ్మదిగా అడిగింది. చివరికి, సిమెంటు కాస్త గట్టిపడ్డాక సాయంత్రం పొడుగాటి చెక్కలేసి దాటిద్దామని తేల్చారు.

మరి అన్నం? ఊచల సందులోంచి పళ్లెం దూరలేదు. అమ్మ జొన్నరొట్టెలో వంకాయకూర పెట్టి చుట్ట చుట్టింది. మిగతా అందరి చేతులకూ సిమెంటో రంగో ఉందని చెప్పి అక్క చేతికిచ్చింది. అక్క మొహం ముడుచుకునే ఇంటివెనక సందులోకి వెళ్లింది. నేను నీళ్లచెంబుతో వెనకే పోయాను.

“మీకు నిజంగ లాదీలు ఏసుడు వస్తదా?” అని అడిగింది అక్క.

“రాదు.”

“మరెందుకు వస్తదన్నరు?”

“అందరు నన్నే చూసిండ్రు. నువ్వు గూడ చూసినవ్. రాదంటే ఏమనుకుంటవో అని...” అని ఆగి, “మా గోదాంల ఎవరో ఏస్తుంటే ఓసారి చూసిన. ఎక్కడ మొదలువెట్టిండ్రో చూడలె,” అన్నాడు.

అక్క గోడకు చేయి ఆనించి పడీపడీ నవ్వింది. నేను చెంబు అక్కడ పెట్టి వచ్చేశాను. గంటైనా అక్క రాలేదు. సందులోంచి మాటలు వినబడుతున్నాయి. వాటిలో సగం మగగొంతువే. ఎదురింటి అవ్వ ఒక ముక్కాలిపీట తీసుకెళ్లి అక్కకు వేసొచ్చింది. రంగు ఆరిపోతోంది, పిల్ల ఎక్కడ చచ్చిందని బాపు కేకేయబోతే, పెళ్లయిన అన్నేళ్లలో మొదటిసారి అమ్మ ఆయన నోరు మూయించింది.

పొద్దుగూకే వేళకు చెక్కల మీద నడిచి అతను బయటపడ్డాడు. ఆ గదిలో నీళ్లు పోస్తే వాకిలి వైపు రావాలి. అవి దేవుడి మూలకు పరుగెత్తేవి. బాపు బతికున్నన్నాళ్లూ దానికి ఒక్క మాటా అనలేదు. గృహప్రవేశం అయ్యాక, బాపుతో ఎప్పుడు మాట్లాడమంటావని అమ్మ అడిగితే, “దేని గురించి?” అంది అక్క.

మొన్న ఫోన్లో ఇద్దర్నీ విడివిడిగా అడిగాను, ఆవేళ అంతసేపు ఏం మాట్లాడుకున్నారని. గోదాంలో ఎలుకలు పట్టిన కథ చెప్పానంటాడు బావ. ఎలుకలూ లేవు గిలుకలూ లేవు, చిన్నప్పుడు తల్లి పోయిన సంగతి చెబుతూ కళ్లు తుడుచుకున్నాడంటుంది అక్క. ఇద్దరూ ఒట్టేసి చెబుతారు. ఇన్నేళ్లు గడిచాక ఆ ఒక్క మధ్యాహ్నం వాళ్లిద్దరికీ చెరొక మధ్యాహ్నమైంది. ఏది నిజమో చెప్పగలిగిన వయసును మేం ముగ్గురం ఎప్పుడో దాటి వచ్చేశాం.