అంబ్రుష్ చాటించని మాట

మా ఆయన అంబ్రుష్ పదిహేడేళ్లు హంగరీలోని మా ఊరికి చాటింపు వేశాడు. మా ఊళ్లో డప్పు కొట్టి చెప్పని మాటకి విలువ లేదు. దివాణం ఏ ఉత్తర్వు పంపినా ఆయన చర్చి ముందు నిలబడి చాటించాకే అది ఊరి చెవికెక్కినట్టు. ఎక్కువగా చాటించింది వెట్టి గురించే, రేపు ఏ ఇంటివాళ్లు దొర పొలానికి వెళ్లాలో. కోతలొస్తే దొర గోధుమ ముందు కోయాలి. ఈలోగా మాది చేలోనే వానకు తడిసి మొలకెత్తేది.

1848 మార్చి మొదట్లో దాన్యూబ్ పడవలవాళ్లు ఓ కబురు తెచ్చారు. సిసిలీలో జనం రాజు మీద తిరగబడ్డారట. ఆ వెనకే పారిస్‌లో లేచారట, అక్కడి రాజు పారిపోయాడట. ఆయన అదీ చాటించాడు.

"పారిస్ అంటే మన గ్యోర్ పట్నానికి ఇవతలా, అవతలా అన్నయ్యా?" అంది పొరుగింటి ఓర్షోయా.

"ఎటైతే నీకేంటమ్మా, పారిపోయింది నీ మొగుడు కాదుగా!" అన్నాడాయన.

అందరూ నవ్వారు.

పది రోజులకి మమ్మల్నేలే చక్రవర్తి ఉండే వియన్నా లేచింది. ఆ కబురు అందగానే మా పెష్ట్ నగరం లేచింది. ఏప్రిల్లో మా చట్టసభ వెట్టి రద్దు చేసిందని ఆయనే చాటించాడు. జనం మూడుసార్లు చెప్పించుకున్నారు. ఆ వేసవి మా గోధుమ మేం ముందు కోసుకున్నాం.

మరుసటి ఏడు ఆగస్టులో చక్రవర్తి సైన్యంతో యుద్ధంలో మావాళ్లు ఓడిపోయారు. వారం తిరక్కుండా దివాణం పెత్తందారు మా వాకిట్లోకి వచ్చాడు.

"ఒరే అంబ్రుష్, సోమవారం నుంచి మళ్లీ వెట్టి. పోయి చాటించు."

"చక్రవర్తి కాగితం ఉందా దొరా?"

"నేను చెబుతున్నాగా! నా నోరు చాలదూ?"

"మీ నోరు చాలితే నా డప్పెందుకు దొరా? మీరే అరవండి."

"ఊరుకోవయ్యా, పట్టుకుపోతారు," అని నేను చొక్కా పట్టుకుని లాగాను. ఆయన కొడవలి తీసి డప్పు తోలు అడ్డంగా కోసేశాడు.

"ఇక కొట్టినా మోగదు," అన్నాడు.

సోమవారం పెత్తందారు ఇంటింటి ముందూ అరిచాడు. "డప్పు మోగలేదుగా, మాకేం తెలుసు?" అని ఒక్కరూ కదల్లేదు. ఓర్షోయా అయితే, "గొంతు బొంగురుపోయింది దొరా, వేడి పాలు తాగండి," అంది.

ఆయన్ని మూడేళ్లు జైల్లో పెట్టారు. దగ్గు పట్టుకుని తిరిగొచ్చాడు. 1853 వసంతంలో వియన్నా నుంచి చక్రవర్తి కాగితం వచ్చింది. వెట్టి ఇక లేదని అందులో ఉంది. మా చట్టసభ పోయింది, మా పత్రికలు పోయాయి, ఇదొక్కటి మిగిలింది. ఊరివాళ్లు డప్పుకి దూడతోలు వేయించి, ఆయన నిలబడలేడని చర్చి ముందు కుర్చీ వేశారు. దగ్గుకీ దగ్గుకీ మధ్య చాటించాడు.

కోతలకి ముందే పోయాడు. ఆ ఏడు కొడవళ్లు నేనూ మా అమ్మాయిలూ పట్టాం. ముందు మా గోధుమే కోశాం.