కంటి ఎత్తున ఒక మేకు

మా టీచరమ్మ పోయిన సంగతి ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున టీ తాగి, కప్పు కింద పెట్టి, కుర్చీలోనే ఒరిగిపోయిందట. నేను అయ్యో అనలేదు, ఏడవలేదు. నా కళ్లు ముందు మా ఇంటి బీరువా వైపు పోయాయి. ఆమె ఇచ్చిన ఫ్రేము బొమ్మ ఒకటి ఏడేళ్లుగా దాని వెనకే ఉంది.

అశోక్‌నగర్‌లో వాళ్లింటి మేడమీది గదిలో నాలుగేళ్లు కిరాయికి ఉండి, గ్రూప్స్ పరీక్షలకు చదివాను. ఆమె రిటైరైన డ్రాయింగ్ టీచరు. కింద హాల్లో అడుగుపెడితే గోడల నిండా చైనా పురాణాల బొమ్మలే. చంద్రుడి మీద కుందేలుతో ఉండే ఒంటరి ఆడమనిషి, పది సూర్యుళ్లలో తొమ్మిదింటిని బాణాలతో రాల్చిన విలుకాడు, ఏడాదికి ఒక్కసారి పక్షుల వంతెన మీద కలుసుకునే ఆలుమగలు. ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత బొమ్మల పుస్తకంలోంచి ఒక్కొక్కటీ పెద్దగా ప్రింటు తీయించి, నారాయణగూడలో ఫ్రేము కట్టించేది. సన్నటి నల్ల చెక్కే ఉండాలి, బంగారు రంగు పనికిరాదు. బొమ్మ చుట్టూ నాలుగు వేళ్ల తెల్ల అంచు వదలాలి. షాపాయన మూడు వేళ్లే వదిలితే వెనక్కి పంపేది.

మన దేవుళ్లను పెట్టుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"మనోళ్లకు దీపం పెట్టాలె, పూలు పెట్టాలె, మరిచిపోతె భయం. వీళ్లు నన్నేం అడగరు బిడ్డా, ఊకె కూసుంటరు," అంది.

బొమ్మలన్నీ కంటి ఎత్తునే ఉండేవి. మీ ఇళ్లలోనూ చూసే ఉంటారు, ఫోటోలను తలుపు మీద, కప్పుకు దగ్గరగా, కొంచెం ముందుకు వంచి పెడతాం. ఆమెకు అది నచ్చదు. "పైన పెడితె దేవుడైతది. దండం పెట్టుడు మొదలైతె చూసుడు బందైతది," అనేది. అయినా ఒక శ్రావణ శుక్రవారం వాయనం ఇవ్వడానికి వచ్చిన పక్కింటావిడ, చంద్రుడి మీది ఆమెను ఏ అమ్మవారో అనుకుని అద్దానికి బొట్టు పెట్టి పోయింది. చెల్లెలు తుడవబోతే టీచరమ్మ ఆపింది. ఒక్కతే ఉంటది, ఎవరో ఒకరు పలకరించిన్రు గదా అంది. నేనున్నన్నాళ్లూ ఆ బొట్టు అలాగే ఉంది.

మేడమీది గదికి ఒక బొమ్మ ప్రత్యేకం. ఏటికి ఎదురీది, జలపాతం మీదికి ఎగిరి డ్రాగన్‌గా మారే చేప. పరీక్షలకు చదివేవాళ్లకు చైనాలో ఆ కథే చెప్పేవారట. కిరాయి గదిలో మేకు కొట్టనిచ్చే ఓనరు మా చుట్టుపక్కల ఎక్కడా దొరకరు. ఈమె తానే సుత్తి పట్టుకుని వచ్చి, ఆ చేపను నా మంచానికి ఎదురుగా పెట్టింది. నౌకరి వచ్చిన పిల్ల దాన్ని తెచ్చి హాల్లో దాని మేకుకు తగిలించి పోవాలి. తర్వాత వచ్చిన పిల్ల తీసుకెళ్లాలి. ఆ ఇంటి ఆనవాయితీ అది.

నాకు నౌకరి రాలేదు. రెండుసార్లు దగ్గరదాకా వచ్చి పోయింది. ఇంట్లో ఇక చాలన్నారు. గది ఖాళీ చేసిన రోజు బొమ్మను తిరిగి ఇవ్వబోతే, పాత చీరముక్కలో చుట్టి నా చేతిలోనే పెట్టింది. "నీది ఇంక అయిపోలే. వచ్చినంక తెచ్చియ్యి," అంది.

కాచిగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. పెళ్లయింది. ఆటోలో పావుగంట దూరమే అయినా, ఏ మొహం పెట్టుకుని పోను? ఒకసారి నారాయణగూడ మార్కెట్లో ఆమె చిక్కుడుకాయలు ఏరుకుంటూ కనిపిస్తే, ఆగి ఉన్న ఆటో చాటుకు తప్పుకున్నాను. ఆమె ఒక్కో కాయా చూసి చూసి ఏరి, సంచి చెయ్యి మార్చుకుంటూ వెళ్లేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ కాసేపు మళ్లీ వస్తే బాగుండునని ఎంతగా అనిపిస్తోందో చెప్పలేను.

పదకొండో రోజున బొమ్మను అదే చీరముక్కలో చుట్టుకుని వెళ్లాను. హాల్లో అన్నీ ఉన్నాయి, చేప మేకు ఒక్కటే ఖాళీగా ఉంది. ఇంకో ప్రింటు తీయిద్దామని తాను ఎన్నోసార్లు అన్నానని, అక్క వద్దందని చెల్లెలు చెప్పింది. నేను తలొంచుకుని మార్కెట్ సంగతి చెప్పేశాను.

"తెలుసు బిడ్డా. అక్క నిన్ను చూసింది. ఇంటికొచ్చి, పిల్ల జర ఒళ్లు చేసింది, మంచిగున్నది అని నాకు రెండుసార్లు చెప్పింది."

అప్పుడు ఏడ్చాను.

తర్వాత మేడ ఎక్కి, ఇప్పుడు ఆ గదిలో చదువుకుంటున్న అమ్మాయి మంచానికి ఎదురుగా, నా పాత మేకుకే చేపను తగిలించాను. దిగి వచ్చేసరికి చుట్టాల్లో ఒకాయన దండ వేసిన టీచరమ్మ ఫోటో పట్టుకుని, తలుపు మీద పెట్టడానికి స్టూలు అడుగుతున్నాడు. అంత పైన వద్దని ఫోటో తీసుకుని, హాల్లో ఖాళీగా ఉన్న మేకుకు పెట్టాను.

దండం పెట్టబోయి ఆగాను. ఆమె కళ్లు సరిగ్గా నా కళ్ల ఎత్తున ఉన్నాయి. ఈసారి తప్పుకోకుండా చూస్తూ నిలబడ్డాను.